బూరుగు దూది సీటు

మోటారు సైకిలు చప్పుడంటే నాకు పడదు. ముసలితనం వచ్చి పడకపోవడం కాదు, పడుచు వయసు నుంచే పడదు. అందులోనూ ఆ ఒక్క సిలిండరు బండ్లు ఉంటాయే, దుగ్గు దుగ్గుమని ఆగి ఆగి కొట్టుకునేవి, అవి మా వీధిలోకి వస్తే లేచి పెరట్లోకి పోతాను. చప్పుడైనా ఓర్చుకుంటాను గానీ, "బండి ఎంత మెత్తగా పోతుందో!" అని ఎవరైనా మురిసిపోతే మాత్రం ఒళ్లు మండిపోతుంది. మెత్తదనం సంగతి నన్నడగండి అనాలనిపిస్తుంది. ఎవరూ అడగరు. అడిగినా నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

సిద్దిపేటలో మా అత్తవారిది ఇత్తడి సామాను దుకాణం. బిందెలు, చెంబులు, తాంబాళాలు. మామ లేడు. మా ఆయన ఒక్కడే కొడుకు. పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, సికింద్రాబాదుకు ఇత్తడి రేకులు తేవడానికి పోయినవాడు మోటారు సైకిలు మీద తిరిగొచ్చాడు. పటాలం వాళ్లు వాడి వాడి వదిలించుకున్న బండి అది. పచ్చరంగు పెచ్చులు లేచిపోయి, ముందు దీపం పగిలిపోయి, ఇంజను నిండా జిడ్డు. మా అత్త వాకిట్లో నిలబడి దాన్ని కిందికీ మీదికీ చూసింది.

"మనం అమ్మేది ఇత్తడి గదరా. గీ ఇనుపసామానేందిరా?" అంది.

వాడకట్టంతా నవ్వింది. నేనూ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. అప్పటికింకా నాకు నవ్వు వచ్చేది.

అప్పటికే నాకు రెండు కడుపులు పోయాయి. మొదటిది చేర్యాల దిక్కు మా పుట్టింటికి కచ్చరంలో పోతుంటే దారిలో పోయింది. ఆ గూడుబండి చక్రం బండరాయి ఎక్కి దిగినప్పుడల్లా నా పేగులు కదిలేవి. రెండోది బస్సులో. ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనకాల కొలిమిలాంటిది ఒకటి తగిలించుకుని, ఎత్తు కనబడగానే ఉసూరుమని ఆగిపోయేవి. మగవాళ్లు దిగి తోస్తే ఒక్క గుంజు గుంజి కదిలేవి. ఆ గుంజుడికే పోయిందని అందరూ అన్నారు. "పిల్లలను కుదుపులే మింగినయి" అని మా అత్త తేల్చేసింది. నేనూ నమ్మాను. నమ్మక ఏం చేస్తాను, చూపించడానికి ఇంకో కారణం లేదు కదా. మా ఇంట్లో కుదుపు అన్న మాట దయ్యం పేరు అయిపోయింది. చీకటి పడ్డాక ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

మూడోసారి నెల తప్పాను. మా అత్త నన్ను గడప దాటనివ్వలేదు. బిందె ఎత్తనివ్వలేదు, తిరగలి ముట్టనివ్వలేదు. కానీ ఐదో నెల దాటాక పాదాలు వాచిపోయాయి. మెట్టెలు వేళ్లలోకి దిగబడిపోయాయి. ఒకరోజు కళ్లు తిరిగి పొయ్యి దగ్గరే పడ్డాను. మెదక్ దిక్కు బాటలో, మా ఊరికి ఇరవై మైళ్ల అవతల ఒక మిషన్ దవాఖాన ఉండేది. కచ్చరంలో గడ్డి పరిచి, దాని మీద బొంతలు పరిచి, మెల్లగా తోలించుకుని ఒక పగలంతా ప్రయాణం చేసి అక్కడికి పోయాం. డాక్టరమ్మది కృష్ణా దిక్కు. చేయి పట్టి చూసి, కాళ్లు నొక్కి చూసి, "ఈమెను నేను రెండు వారాలకోసారి చూడాలి. తొమ్మిదో నెల వచ్చాక ఇక్కడే ఉంచేయండి. ఈలోగా మాత్రం తప్పకుండా తీసుకురావాలి" అంది.

తీసుకురావాలి. ఎట్లా తేవాలి? కచ్చరంలో పోయి వచ్చేసరికి నాకు నడుము విరిగినంత పనైంది. బస్సు అంటే మా అత్త చెవులు మూసుకుంది. అప్పుడు మా ఆయన, "నా బండి మీద తీస్కపోత" అన్నాడు.

"కడుపుతోటున్న పిల్లను గా దడదడలాడే దాని మీదనా? నీ తలకాయ గిట్ల తిరిగిందారా?" అని మా అత్త విరుచుకుపడింది.

"దడదడ లేకుంట జేస్తనే అవ్వా" అన్నాడు. "నీ బిందెల నీళ్లు తొణకకుంట జేస్త. సూడు."

ఆ మాట అన్నాక అతనికి వేరే లోకం లేకుండా పోయింది. దుకాణం మూసి వచ్చిందే ఆలస్యం, పెరట్లో గోనెసంచి పరిచి బండి ముందర కూర్చునేవాడు. బండికి వెనక మనిషి కూర్చునే జాగ లేదు, సామాను కట్టుకునే ఇనుప చట్రం ఒక్కటే ఉంది. ముందు చక్రానికైనా పెద్ద స్ప్రింగు ఉంది, వెనక చక్రానికి అదీ లేదు. రాయి తగిలితే ఆ దెబ్బ సూటిగా వచ్చి ముడ్డికి తగులుతుంది. మొదట ఆ చట్రం మీద బొంత మడిచి కట్టాడు. నన్ను పక్కకు తిరిగి కూర్చోబెట్టి, ఊరి బయట వాగు మీది మోరీ దాకా మెల్లగా నడిపాడు. వీధిలో ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నేను కొంగు నెత్తి మీద నుంచి మొహం దాకా లాక్కున్నాను.

మోరీ దగ్గర ఆపి వెనక్కి తిరిగాడు. "ఏమన్నడు లోపలోడు?"

"నిన్ను తిడుతుండు" అన్నాను. "తన్నుడే తన్నుడు. ఒక్క రాయిని ఇడిసిపెట్టలే నువ్వు, ఒక్క తన్ను ఇడిసిపెట్టలే వాడు."

నేను వేళాకోళానికి అన్నాను. అతను నవ్వలేదు. బండి దిగి నా ముందు నిలబడ్డాడు. "అంటే దెబ్బ వానికి తగులుతుందన్నట్టు. నొస్తే గదా తన్నేది" అన్నాడు.

అదిగో, అక్కడ మొదలైంది. నొస్తేనే తంతాడు. తన్నకపోతే సుఖంగా ఉన్నట్టు. అంతకంటే తేలికైన లెక్క ఏముంటుంది? నాకూ సబబుగానే తోచింది. మా అత్తకైతే వేదవాక్కే అయింది. ఆ రోజు నుంచి బండి ఎంత మెత్తబడిందో చెప్పవలసింది కడుపులో వాడే. బండి మీద పోయి వచ్చిన ప్రతిసారీ మా అత్త గడపలో నిలబడి అడిగే మొదటి మాట, "తన్నిండా?"

తన్నాడు అంటే ముగ్గురి మొహాలూ వాడిపోయేవి. తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేను వాయించుకోవాలనిపిస్తుంది. పిల్లవాడు తన్నాడని మొహాలు వేలాడేసుకున్న ఇల్లు ఈ భూమ్మీద ఇంకొకటి ఉంటుందా?

మొదటిసారి దవాఖానకు పోయినప్పుడు దారి పొడుగునా తన్నాడు. డాక్టరమ్మ బయటికొచ్చి బండిని చూసి నెత్తి కొట్టుకుంది. కానీ ఏం చేయగలదు, తీసుకురమ్మన్నది తనే. ఇంటికి రాగానే మా ఆయన అసలైన పనికి దిగాడు. ఎవరో పక్కన పడేసిన టాంగా ఒకటి చూసి, దాని సీటు కింది స్ప్రింగులు పట్టుకొచ్చాడు. చట్రం మీద పలక, పలక మీద స్ప్రింగులు, వాటి మీద ఇంకో పలక. దాని మీదికి మెత్త కావాలి. మామూలు దూది నాలుగు రోజులకే అణిగిపోతుందని బూరుగు దూది తెచ్చాడు. దూదేకులవాళ్ల దగ్గర ఏకించి, నురగలా చేయించి, నా పెళ్లి చీరల్లో పాతబడ్డ ఒకదాన్ని సంచి కుట్టి అందులో నింపాడు. మీద తోలు కుట్టించాడు. కాళ్లు వేలాడితే వాపు పెరుగుతుందని పాదాలు ఆనించుకోవడానికి టేకు పలక బిగించాడు. వీపుకు ఆసరాగా విరిగిన కుర్చీ వెన్ను ఒకటి కోసి పెట్టాడు. అంత సింగారించాక ఆ బండి పెళ్లికూతురి పల్లకిలా తయారైంది. మా అత్త సైతం చేత్తో ఒత్తి చూసి, "నేను గూడ కూసుంటరా ఒకపారి" అంది.

రెండోసారి పోయినప్పుడు తన్నులు తగ్గాయి. పెద్ద గుంతలు వచ్చినప్పుడే తన్నాడు. మా ఆయన ప్రతి గుంత తరువాతా మెడ తిప్పి, "గిప్పుడు?" అనేవాడు. "ముంగట సూడు నాయినా, చెట్టుకు గుద్దుతవ్" అని నేను అరిచేదాన్ని. డాక్టరమ్మ సీటు నొక్కి చూసి నవ్వింది. "మా మంచాలకంటే ఇదే నయం" అంది. ఆ మాట అతనికి బిరుదు ఇచ్చినట్టే అయింది. దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

ఇక మిగిలింది ఇంజను. సీటు ఎంత మెత్తగా ఉన్నా ఆ ఒక్క సిలిండరు కొట్టుకునే దెబ్బ కింది నుంచి వచ్చి తొడల్లోకి ఎక్కేది. ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఘోరం. పెట్రోలు కంట్రోలు రోజులు, పర్మిట్టు మీద ఇచ్చేది చాలక అందరూ గ్యాసునూనె, అదే కిరసనాయిలు, కలుపుకునేవాళ్లు. అది తాగితే ఆ బండి డొక్కలో ఎవరో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడయ్యేది, పొగ కక్కేది, గుంజలేక గుంజేది. మా ఆయన మంచి పెట్రోలంతా దవాఖాన ప్రయాణాలకని ఒక డబ్బాలో దాచి, తను మాత్రం చేర్యాల అంగడికి సైకిలు మీద పోయేవాడు. ఇంజను మూత విప్పితే లోపల పెంకులా మసి కట్టి ఉంది. ఇనుముతో గీకితే గీతలు పడతాయని, మన ఇంటి లోహమే మెత్తదని, పగిలిన తాంబాళం అంచు కోసి ఇత్తడి గీకుడు చేసుకున్నాడు. దాంతో ఓపిగ్గా, పసివాడి నెత్తి మీది చుండు తీసినట్టు గీకాడు. బోల్టుల కింద ఇత్తడి వాషర్లు వేసి బిగించాడు. గొలుసు వదులు తీసి, గుంజకుండా నూనె పట్టించాడు. చక్రాల్లో గాలి కొంచెం తగ్గించి ఉంచాడు. ఇవన్నీ నాకెట్లా తెలుసంటే, ఒక్కొక్కటీ చేసి వచ్చి నాకు చెప్పేవాడు. అన్నం కలుపుతూ చెప్పేవాడు. చెయ్యి ఎంత కడిగినా గోళ్లలో నలుపు పోయేది కాదు. నేను ఆ వేళ్ల వంక చూస్తూ, ఇంత ప్రేమ ఉన్న తండ్రికి దేవుడు ఎందుకు ఇవ్వడు, ఇచ్చి తీరుతాడు అనుకునేదాన్ని.

ఎనిమిదో నెల సగంలో బండి మీద నాలుగో ప్రయాణం. ఆ ఉదయం బండి మొదలుపెట్టగానే తేడా తెలిసింది. దడదడ లేదు. పిల్లి గురక పెట్టినట్టుంది. ఎప్పుడూ ఆయాసపడే ఎత్తు మీద కూడా తడుముకోకుండా ఎక్కిపోయింది. మా ఆయన ఈల వేశాడు. గుంతల మీద స్ప్రింగులు ఇట్లా అణిగి అట్లా లేచాయి, అంతే. గాలి చల్లగా ఉంది. దారి పక్కన జొన్న కంకులు వేస్తోంది. నిజం చెప్పొద్దూ, నాకు కునుకు పట్టింది. ఎనిమిది నెలల గర్భిణి మోటారు సైకిలు మీద నిద్రపోయిందంటే ఎవరు నమ్ముతారు?

సగం దారిలో మేము ఎప్పుడూ ఆగే ఇంకో మోరీ ఉంది. అక్కడ ఆపాడు.

"ఏమన్నడు?"

"ఏమనలే" అన్నాను.

"ఒక్కపారి గూడ తన్నలే?"

"తన్నలే. పండుకున్నట్టున్నడు."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

అతను బండి దిగి, రోడ్డు మధ్యలో, పంచె ఎగ్గట్టుకుని గెంతాడు. అటుగా పోతున్న గొర్రెలకాపరి ఒకాయన ఆగి చూశాడు. "కడుపులోడు పండుకున్నడు కాకా! నా బండి మీద పండుకున్నడు!" అని అతనికి అరిచి చెప్పాడు. గొర్రెలకాపరికి ఏమీ అర్థం కాలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. నేను పడీ పడీ నవ్వాను. నేను మనసారా నవ్విన ఆఖరి నవ్వు అది. దాన్ని ఆ మోరీ దగ్గరే వదిలేసి వచ్చాను.

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కొమ్ములాంటి చెక్క గొట్టం కడుపుకు ఆనించి చెవి పెట్టింది. చాలాసేపు విన్నది. గొట్టం ఇంకో పక్కకు జరిపి విన్నది. కిందికి జరిపింది. నర్సును మాట్లాడవద్దని చెయ్యి చూపింది. తరువాత గొట్టం తీసి పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, లోపల కదలిక చివరిసారి ఎప్పుడు తెలిసింది?"

"బండి మీద అస్సలు కదలలేదమ్మా" అన్నాను గొప్పగా. "సీటు మంచిగైంది."

"బండి సంగతి కాదు తల్లీ. ఇంట్లో. నిన్న కదిలిందా? మొన్న?"

నేను వెతుక్కున్నాను. నిన్న పొద్దున... కాదు. మొన్న పడుకోబోయే ముందు... అది ఏ రోజు? బండి మీద ఉన్నప్పటి ప్రతి తన్నూ నాకు గుర్తుంది. ఏ గుంత దగ్గర, ఏ రాయి దగ్గర, అన్నీ గుర్తున్నాయి. బండి దిగాక కదిలినవి మాకు లెక్కలోవి కావు, వాటిని ఎవరూ అడగలేదు.

మా ఆయనను లోపలికి పిలిచారు. నవ్వుతూ వచ్చాడు. "సీటు సూసిన్రా డాక్టరమ్మా? ఈపారి ఇంజను గూడ..." అంటూ వచ్చి, మా ఇద్దరి మొహాలు చూసి ఆగిపోయాడు. అతని చేతిలో ఇంకా బండి తుడిచే గుడ్డ ఉంది.

డాక్టరమ్మ మంచి మనిషి. అబద్ధం చెప్పలేదు. గుండె చప్పుడు లేదని చెప్పింది. ఇది బండి వల్ల కాలేదని చెప్పింది. నాకు ఒంట్లో నీరు చేరి, నెత్తురు పోటెక్కి, లోపలి బిడ్డకు అందవలసింది అందలేదని చెప్పింది. "ముందు పోయిన రెండూ కూడా కుదుపులకు పోయాయనుకోకండి. కుదుపులకు అంత తేలికగా పోవమ్మా" అంది. ఓదార్చాలనే అంది పాపం. ఆ మాట విని మా ఆయన చేతిలోని గుడ్డను మడిచి నడుములో దోపుకున్నాడు. ఆ స్ప్రింగులు, ఆ దూది, ఆ ఇత్తడి గీకుడు, అన్నీ ఎవరి మీద యుద్ధానికి చేసినట్టు? మేము కాపలా కాసిన తలుపు వేరు, దొంగ వచ్చిన తలుపు వేరు.

నొప్పులు వాటంతట అవే వస్తాయనీ, ఇక్కడే ఉండమనీ అంది. "మా అత్తను తీసుకొస్తాం, బట్టలు తెచ్చుకుంటాం" అన్నాను. రేపు పొద్దునే రావాలని మా ఆయనతో మరీ మరీ చెప్పి పంపింది.

తిరుగు దారిలో అతను ఎప్పటిలాగే ఒక్కో రాయినీ తప్పిస్తూ, గుంత వస్తే నెమ్మదించి నడుపుతున్నాడు. అలవాటైన చేతులు, వాటికేం తెలుసు. ఆ సీటు అంతే మెత్తగా ఉంది. దాని మెత్తదనానికి నాకు కడుపులో నుంచి కేక వచ్చింది.

"ఎందుకు తప్పిస్తున్నవ్? ఎవని కోసం తప్పిస్తున్నవ్? ఆపు బండి!"

ఆపాడు. అదే మోరీ.

"గీ సీటు పీకెయ్యి" అన్నాను. "ఇనుము మీద కూసుంట. ఇనుము మీద ఎన్నడన్న తన్నకుంట ఉన్నడా? చెప్పు, ఉన్నడా? గా చెక్క గొట్టానికేం ఎరుక? నువ్వు పండవెట్టినవ్ వాన్ని, నువ్వే లేపు. గుంతలకెళ్లి పోనియ్యి. రాళ్ల మీదికెళ్లి పోనియ్యి."

వద్దంటాడనుకున్నాను. పిచ్చిదానా అని కొడతాడనుకున్నాను. అతను పానా తీసి బోల్టులు విప్పాడు. సీటు ఊడదీసి పక్కన పెట్టాడు. అక్కడితో ఆగలేదు. పంపు తీసి, ఇన్నాళ్లూ తగ్గించి ఉంచిన చక్రాల్లోకి గాలి కొట్టాడు. రెండు చక్రాలూ రాయిలా అయ్యేదాకా, వేలితో నొక్కి చూసుకుంటూ, చెమటలు కక్కుతూ కొట్టాడు. మా ఇద్దరిలో ఎక్కువ ఆశ నాకే ఉందనుకున్నాను అప్పటిదాకా.

నన్ను వట్టి చట్రం మీద కూర్చోబెట్టి, సీటు నా ఒళ్లో పెట్టి, బండి మొదలుపెట్టాడు. కనబడ్డ ప్రతి గుంతలో దింపాడు. బాట దిగి బండరాళ్ల మీదికి తీసుకుపోయాడు. నా వెన్నుపూసలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, నాలుక కొరుక్కున్నాను, నోటి నిండా నెత్తురు. ఒక్కో దెబ్బకూ ఊపిరి బిగబట్టి లోపలికి వినేదాన్ని. తన్నురా, బిడ్డా. ఒక్కసారి తన్నురా. తిట్టురా మీ నాయినను. నా కడుపులో దుగ్గు దుగ్గుమన్నది ఇంజను ఒక్కటే.

మునిమాపుకు ఇల్లు చేరాం. మా అత్త గడపలోనే ఉంది, చేతిలో చేట. నా ఒళ్లో ఉన్న సీటును చూసింది గానీ మా మొహాలు సరిగ్గా చూడలేదు, పొద్దు గుంకుతోంది కదా.

"సీటెందుకు ఇప్పినవ్‌రా? మళ్ల తన్నిండా ఏంది?" అంది కంగారుగా.

మా ఆయన బండి ఆపి, దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"లేదవ్వా" అన్నాడు. "తన్నలే."

"అస్సలే తన్నలే?"

"అస్సలే తన్నలే."

మా అత్త చేట కింద పెట్టింది. కొమురవెల్లి గుడి ఉన్న దిక్కుకు తిరిగి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి దండం పెట్టింది. "మల్లన్నా, సల్లగ సూసినవ్ తండ్రీ. ఈయేడు నీకు బోనం ఎత్తుత" అంది. ఎంతసేపటికీ ఆ చేతులు దించలేదు. దించమని చెప్పడానికి మా ఇద్దరిలో ఎవరికీ నోరు రాలేదు.